పేరే ఎర

ఉక్కునగరం జంషెడ్‌పూర్ చిత్రసీమకు ఇచ్చిన తారలు కొందరున్నారు. 1970లో మాధవన్, 1982లో ప్రియాంకా చోప్రా అక్కడే జన్మించారు. వారిలో ఎవరి పేరునైనా అంతర్జాలంలో వెదికి చూడండి. పుట్టిన ఊరు తెలుసుకోగోరిన పాఠకునికి ఆస్తి లెక్కలు, విడాకుల పుకార్లు, ‘చూస్తే నమ్మలేరు’ అనే శీర్షికలు అడ్డుతగులుతాయి. మీట నొక్కిన ప్రతిసారీ ప్రకటనల రూపంలో ఆ పేజీ యజమానికి నాలుగు డబ్బులు రాలుతాయి. అందుచేత తార పేరు అక్కడ వార్త కాదు, ఎర.

ఎర వెనుక గాలమూ ఉండవచ్చు. వెదికేవారిని హానికరమైన సైట్లకు చేర్చే ప్రముఖుల పేర్లలో భారతదేశాన మొదటిది మహేంద్రసింగ్ ధోనీదని కంప్యూటర్ భద్రతా సంస్థ మెకాఫీ 2019లో ప్రకటించింది. అదే రాష్ట్రంలోని రాంచీకి చెందిన ఆ క్రీడాకారుడు చేసిన తప్పు ప్రసిద్ధుడు కావడమొక్కటే!

తెలుగునాట అనుభవం ఇంకా చేదు. 2023 మార్చిలో, రేపు ఉగాది అనగా, కోట శ్రీనివాసరావు మరణించారన్న పుకారు పుట్టింది. ఫోన్లు ఆగకుండా మోగాయి. బందోబస్తుకని పోలీసులు సైతం ఇంటికి వచ్చారు. ఎనభయ్యేళ్ళ నటుడు తాను బ్రతికే ఉన్నానని వీడియోలో చెప్పుకోవలసి వచ్చింది.

ఇటువంటి శీర్షికలను పసిగట్టడం అంత కష్టమేమీ కాదు. చెప్పవలసిన సంగతిని దాచి, ఆశ్చర్యాన్ని మాత్రం చూపడం మొదటి గుర్తు. వ్రాసినవారి పేరు, తేదీ, సమాచారం ఎవరిచ్చారన్నది లేకపోవడం మరొకటి. మరణవార్త అయితే కుటుంబసభ్యుల మాటగానీ, పేరున్న రెండు పత్రికల ధ్రువీకరణగానీ కనిపించేవరకు దానిని ఎవరికీ పంపకుండా ఉండడం మేలు. ఆ కాస్త ఆలస్యం వల్ల ఎవరికీ నష్టం లేదు. కోట నిజంగా కన్నుమూసింది ఆ పుకారు పుట్టిన రెండేళ్ళకు పైగా గడిచాక, 2025 జూలై 13న.