పులసకు దారి

ఆగస్టులో రాజమండ్రి నుంచి చుట్టాలు ఐసు పెట్టెలో పులస తెచ్చారు. బేగంపేటలో మా వంటింటి గట్టు మీదే కోశాం. పొట్ట చీల్చగానే రెండు పొడుగాటి జన తిత్తులు బయటపడ్డాయి. వాటిలో లక్షల గుడ్లు. గోదావరి మంచినీళ్లలో పడాల్సిన గుడ్లవి. సముద్రంలో విలసగా తిరిగే ఈ చేప వాటిని పెట్టడానికే ఎర్రనీళ్లకు ఎదురీది ఏటిలోకి వస్తుంది.

ఆ దారికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట అడ్డుపడింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ దాన్ని 1847లో మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. కరువుతో అల్లాడిన డెల్టాకు అన్నం పెట్టింది. కాటన్ మీద నాకున్న గౌరవాన్ని పెంచే సంగతి మరొకటుంది. ఆనకట్టల వల్ల చేపలకు నష్టం జరుగుతుందేమో చూడమని 1867లో లండన్‌కు రాసింది ఆయనే. తర్వాత చేపల శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ డే విచారించి 1873లో నివేదిక ఇచ్చాడు.

చేపలు కట్ట దాటడానికి అప్పటికే ఓ సాధనం ఉంది. 1837లో కెనడాలో రిచర్డ్ మెక్‌ఫార్లన్ అనే మిల్లు యజమాని చేపల మెట్లకు పేటెంటు తీసుకున్నాడు. కట్ట పక్కన మెట్లు మెట్లుగా చిన్న తొట్లు, ఒకదాని నుంచి ఇంకోదానిలోకి దూకే నీళ్లు. చేప ఒక్కో తొట్టి ఎక్కుతూ, మధ్యలో సేదతీరుతూ పైకి చేరుతుంది. సాల్మన్‌కు ఇది బాగా నప్పింది, ఎందుకంటే అది ఎగిరి దూకే చేప. పులస దూకదు. గుంపుగా, లోతైన ధారలో ఈదుతుంది. తమిళనాడులో కొల్లిడం మీది దిగువ ఆనకట్టకు చేప దారి పెట్టినా పులసకు అక్కరకు రాలేదు. ఒక చేప కొలతలతో కుట్టిన చొక్కా ఇంకో చేపకు పట్టలేదు.

అదే 1837లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో కెనెబెక్ నది మీద ఎడ్వర్డ్స్ డ్యామ్ కట్టారు. అక్కడా పులస దాయాదులే, షాడ్, ఏల్‌వైఫ్ చేపలు, కట్ట కింద ఆగిపోయాయి. అది ఇచ్చే కరెంటు మూడున్నర మెగావాట్లు. ఆ కాస్త కరెంటు కన్నా నది విలువే ఎక్కువని 1997లో ప్రభుత్వ సంస్థ లైసెన్సు పొడిగించలేదు. 1999 జూలై 1న కట్ట తెగ్గొట్టారు. కొన్నేళ్లకే ఏల్‌వైఫ్‌లు లక్షల్లో ఎగువకు వెళ్లాయి.

ధవళేశ్వరాన్ని అలా తీయలేం, తీయకూడదు. దాదాపు పది లక్షల ఎకరాల వరి దాని మీద బతుకుతోంది. అయితే పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది బ్యారేజీ, 175 గేట్లున్నది. పెద్ద వరదకు గేట్లన్నీ ఎత్తినప్పుడు ఎగువా దిగువా నీటిమట్టం దగ్గరవుతుంది, పులస దాటగలదు. వరద తగ్గి గేటును జానెడే ఎత్తితే, దాని కింద నుంచి నీళ్లు బాణంలా దూసుకొస్తాయి. ఏ పులసా ఆ ధారను ఈదలేదు. కట్ట కింద గుమిగూడుతుంది. వలలు అక్కడే ఉంటాయి.

అందుకే నా కోరిక చిన్నది. జూలై నుంచి సెప్టెంబరు దాకా, మధ్యరకం వరద రోజుల్లో అన్ని గేట్లూ కొద్దికొద్దిగా ఎత్తే బదులు కొన్నింటిని పూర్తిగా ఎత్తి చూడాలి. ఏటి అడుగు కోసుకుపోకుండా అవి ఏ గేట్లు కావాలో ఇంజనీర్లు, ఏ వేళకు ఎత్తాలో ధవళేశ్వరం పడవలవాళ్లు కలిసి కూర్చుని తేల్చాలి. ఆ గేట్ల దిగువన మాత్రం ఆ కొద్ది రోజులూ వల పడకూడదు.