నిద్ర పడుతోందా, బాబాయ్?

ఫిబ్రవరి నెలలో ప్రత్తిపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట పక్క ఏ పల్లెలోకి మళ్లినా ఊరి మొగదలే కల్లాలు కనిపిస్తాయి. ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య ముక్కుకి కొంగు కట్టుకుని ఆడవాళ్లు తాలు ఏరుతుంటారు. రంగు పోయి తెల్లబడ్డ కాయ తాలు. ఎర్రకాయ ఒక పక్క, తాలు ఒక పక్క. తాలు కుప్ప పెరిగేకొద్దీ ఆ కల్లం రైతుకి మాట తగ్గుతూ వస్తుంది. పొద్దుగూకాక కాయ మీద పట్టా కప్పి, కాపలాకి మంచం వేసుకుని అక్కడే పడుకుంటాడు. దారిన పోయేవాళ్లు పలకరిస్తారు.

"ఏం బాబాయ్, రేటెట్టా ఉంది?"

"ఏముందిలే."

"కాయ బాగానే వచ్చిందా?"

"ఏదో వచ్చిందిలే."

పలకరింపు అక్కడితో సరి. నిద్ర పడుతోందా అని మాత్రం ఎవరూ అడగరు.

ఆ ఒక్క మాట అడగడం నేర్చుకున్న మనుషుల గురించే ఈ కథనం. వాళ్లు డాక్టర్లు కారు. మానసిక ఆరోగ్యం కోసం పనిచేసే సంస్థలు వాళ్లని వాలంటీర్లనీ అంబాసిడర్లనీ పిలుస్తున్నాయి. మన మాటలో రాయబారులు. రాయబారం అనగానే ఈ గుంటూరు, పల్నాడు జిల్లాల్లో తిరుపతి వేంకట కవుల నాటకాలూ, తిరునాళ్లలో తెల్లవార్లూ సాగే పద్యాలూ, కృష్ణుడి వేషమూ గుర్తుకొస్తాయి. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేని రెండు పక్షాల మధ్య మాట మోసేవాడు రాయబారి. ఇక్కడ ఆ రెండు పక్షాలూ ఒకే ఇంట్లో ఉంటాయి. అప్పు ఎంతయిందో భార్యకి చెప్పలేని మనిషి ఒక పక్క, అడిగితే ఏమవుతుందోనని అడగలేని భార్య ఒక పక్క.

డిప్రెషన్ అనే మాట టీవీలో వినబడుతుందే గానీ కల్లం దగ్గర వినబడదు. ఇక్కడి జనం అనేవి వేరే. నిద్ర పట్టటంలా. అన్నం సయించటంలా. గుండెల్లో దడగా ఉంటంది. నలుగురిలోకి పోవాలంటే మొహం చెల్లటంలా. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే గ్యాస్ అంటాడు, నీరసం అంటాడు, ఒక సెలైన్ ఎక్కిస్తాడు. మనసుకి వచ్చిన జబ్బు కడుపు పేరుతోనో నరాల పేరుతోనో నెలల తరబడి తిరుగుతుంది.

ఈ నేలకి ఈ బాధ కొత్తది కాదు. 1970ల నుంచి నల్లరేగడిలో హైబ్రిడ్ పత్తి వచ్చింది, దానితో మందుల కొట్లు వచ్చాయి. మందు కొట్టేకొద్దీ పురుగుని తినే మిత్రపురుగులు చచ్చాయి, తెల్లదోమ మాత్రం మొండికేసింది. 1987-88 సీజన్‌లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో తెల్లదోమ పత్తిని తుడిచిపెట్టేసింది. అప్పు ఇచ్చింది బ్యాంకు కాదు, మందు అమ్మిన కొట్టే. పదుల సంఖ్యలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పదేళ్ల తర్వాత, 1997-98లో, ఆ కథే వరంగల్‌లో ఇంకా పెద్దదై నడిచింది. రెండుసార్లూ పురుగు గురించి కమిటీలు వేశారు, పంట గురించి మాట్లాడారు. ఇంట్లో మిగిలినవాళ్లకి రాత్రిళ్లు ఎలా తెల్లవారుతున్నాయో కనుక్కునే ఏర్పాటు మాత్రం పల్లె దాకా రాలేదు.

పత్తి పోయిన చోట మిరప వచ్చింది. 2021 శీతాకాలంలో మిరప చేలోకి వెళ్లి ఒక తెల్ల పువ్వు కోసి అరచేతిలో దులిపితే నల్లటి చుక్కలు రాలి పరుగెత్తేవి. కంటికి ఆననంత సన్నటి తామర పురుగులు, ఒక్కో పువ్వులో పదులకొద్దీ. పూత అంతా రాలిపోయింది. వరసగా మందులు మార్చి మార్చి కొట్టినా ఆగలేదు. ఆ తర్వాత పంట వచ్చిన ఏడు రేటు పడిపోయింది. 2025 ఫిబ్రవరిలో గుంటూరు యార్డులో ధర ఎంతకి దిగిందంటే, కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది. ఎకరానికి లక్షన్నర దాటి పెట్టుబడి పెట్టిన మనిషికి, ఆ పైన కౌలు కట్టాల్సిన మనిషికి, ఆ లెక్క ఎక్కడ సరిపోతుంది? కౌలు రైతుకి సొంత పేరు మీద కాగితం ఉండదు. 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం రావాలన్నా భూమి యజమాని ఒప్పుకోవాలి. పంట అతనిది, అప్పు అతనిది, పాస్‌పుస్తకం ఇంకొకరిది.

2022లో దేశంలో 11,290 మంది రైతులూ, రైతు కూలీలూ ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో ఆంధ్రప్రదేశ్‌వి 917. ఇవి పోలీసు రికార్డుకి ఎక్కినవి.

మరి చదువు లేని, డిగ్రీ లేని మనిషి పక్కన కూర్చుంటే ఏమొస్తుంది? లండన్‌లో 1953లో చాడ్ వారా అనే చర్చి మతగురువు ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్నవాళ్ల కోసం ఒక ఫోన్ పెట్టాడు. ఆయన కోసం జనం బయట వేచి ఉంటే, సాయానికి వచ్చిన మామూలు మనుషులు వాళ్లకి టీ ఇచ్చి మాట్లాడుతూ కూర్చునేవాళ్లు. కొన్నాళ్లకి ఆయన ఒకటి గమనించాడు. చాలామంది ఆ టీ తాగి, నాలుగు మాటలు చెప్పుకుని, తన దగ్గరికి రాకుండానే తేలికపడి వెళ్లిపోతున్నారు. మరుసటి ఏడాదికల్లా ఆ పని వాలంటీర్ల చేతుల్లో పెట్టేశాడు. అదే సమారిటన్స్. ఆ దారిలోనే చెన్నైలో 1986లో స్నేహ, హైదరాబాద్‌లో 1997లో రోష్ని మొదలయ్యాయి.

మనలాంటి పత్తి నేల విదర్భలో, అమరావతి జిల్లాలోని 30 పల్లెల్లో విశ్రామ్ అనే కార్యక్రమం నడిచింది. ఊరి మనుషులకే శిక్షణ ఇచ్చారు. డిప్రెషన్‌తో ఉన్నవాళ్లలో సాయం కోసం ఎక్కడికైనా వెళ్లినవాళ్లు మొదట నూటికి నలుగురు, ఏడాదిన్నరకి 27 మంది. మన పశ్చిమ గోదావరిలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి ఇంటింటికీ పంపారు. పిచ్చి అనే ముద్ర పోవడానికి ఊళ్లో నాటకం వేయించారు, జబ్బు పడి లేచిన మనిషి చేత తన కథ తానే వీడియోలో చెప్పించారు. అసలైన అంబాసిడర్ ఆ మనిషేనని నా నమ్మకం. సినిమా హీరో చెప్తే విని చప్పట్లు కొడతాం. మన పక్క ఊరి పెద్దాయన "నాకూ ఇట్టాగే అయింది, మందులు వాడా, తగ్గింది" అంటే మర్నాడు గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి బస్సెక్కుతాం.

అయితే మన మెట్టలో వినడం ఒక్కటే చాలదు. ఇక్కడ దిగులు ఒంటరిగా రాదు, బాకీ చీటీ వెంటబెట్టుకుని వస్తుంది. నోటు గడువు దాటిన మనిషితో "ధైర్యంగా ఉండండి" అంటే అది అతని చెవికి కూడా ఎక్కదు. 2017లో వికారాబాద్ జిల్లాలో సుస్థిర వ్యవసాయ కేంద్రం, జిల్లా అధికారులు కలిసి మొదలుపెట్టిన కిసాన్ మిత్ర హెల్ప్‌లైన్ ఈ సంగతి పట్టుకుంది. రైతు ఫోన్ చేస్తే దిగులు వింటారు. దాని వెనకున్న పాస్‌పుస్తకం తగాదానో, విత్తనం మోసమో, రాని బీమానో రాసుకుని సంబంధిత ఆఫీసుకి పంపి, తేలేదాకా వెంటపడతారు. ఒక చెవి, ఒక ఫైలు. గుంటూరు, పల్నాడు, ప్రకాశం పల్లెల్లో వాలంటీర్లని తయారుచేసేవాళ్లు ఈ రెండూ కలిపి నేర్పాలి.

అడిగే పద్ధతి కూడా నేర్చుకోవాల్సిందే. నలుగురిలో అడగకూడదు. చేలో గట్టు మీదో, మంచం పట్టె మీదో పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఎదురుగా మొహంలోకి చూడకుండా అడిగితే మగవాళ్లు మాట్లాడతారు. మొదట నిద్ర, తర్వాత తిండి, ఆ తర్వాత అప్పు. చివరికి అసలు మాట సూటిగా అడగాలి: "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా, బాబాయ్?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. పుట్టదు. ఇన్నాళ్లూ మోస్తున్న బరువు ఒకరు గుర్తుపట్టారన్న ఊరట వస్తుంది. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకూడదు. 14416 టెలీ మానస్ హెల్ప్‌లైన్‌కి పక్కనుండి ఫోన్ చేయించాలి. అది ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా ప్రయత్నించినా కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడాలి, శిక్షించకూడదు.

ఆడవాళ్లని ఎవరు అడుగుతారన్నది ఇంకో ప్రశ్న. మిరప కోతల్లో, పత్తితీతల్లో నడుం వంచేది వాళ్లు. మగమనిషి పోయాక అప్పులవాళ్లకి జవాబు చెప్పేది వాళ్లు, పరిహారం కోసం ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది వాళ్లు. ఏడవడానికి కూడా తీరిక ఉండదు. డ్వాక్రా సంఘం మీటింగు అయ్యాక చివర్న మిగిలిపోయిన ఇద్దరు ముగ్గురిలో ఒకరు "అక్కా, నీ సంగతేంటి?" అనగలిగితే అక్కడే పని మొదలవుతుంది. ఒక్క జాగ్రత్త. సొంత ఊరి మనిషికి, సొంత కులం మనిషికి చెప్పడానికి పరువు అడ్డొస్తుంది. మాట బయటికి పొక్కిందా, ఆ ఊళ్లో ఇక ఎవరూ నోరు విప్పరు. అందుకే పక్క ఊరి వాలంటీరే చాలాసార్లు మేలు.

ఇంకొకటి ఉంది. మన ఇళ్లలో పురుగుమందు డబ్బా మంచం కిందో, చూరులోనో ఉంటుంది. తమిళనాడులో స్నేహ వాళ్లు పల్లెల్లో ఒక గది కట్టి, రైతులు మందు డబ్బాలని ఎవరి పెట్టెలో వాళ్లు పెట్టి తాళం వేసుకునే ఏర్పాటు చేసి చూశారు. తట్టుకోలేని గడియ కొద్దిసేపే ఉంటుంది. ఆ కాసేపు డబ్బా చేతికందకపోతే బతికే మనుషులు ఎందరో. రైతు సేవా కేంద్రాల పక్కన ఇలాంటి గది కట్టడానికి ఎంతవుతుంది? ఊరి వాలంటీరు పట్టుబడితే పంచాయతీ తీర్మానం చేయించలేడా?

మళ్లీ ఆ కల్లం దగ్గరికి వద్దాం. పట్టా కప్పారు. వాలంటీరు బండి స్టాండు వేసి మంచం పట్టె మీద కూర్చున్నాడు. నిద్ర పడుతోందా అని అడిగితే "ఆ, పడుతోందిలే" అనే జవాబొచ్చింది. అతను లేవలేదు. కాసేపాగి మళ్లీ అడిగాడు. ఈసారి జవాబు వెంటనే రాలేదు. "ఎక్కడ్రా అబ్బాయ్, రెండింటికే మెలకువ వచ్చేస్తంది" అన్నాడు పెద్దాయన. ఆ మాట చెప్పడానికి గంట పట్టింది, తర్వాతి మాటలకి అర్ధరాత్రయింది. సోమవారం పొద్దున కౌలు కాగితం సంగతి తేల్చడానికి ఇద్దరూ ఒకే బండి మీద కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్తారు. అక్కడినుంచి సర్వజనాసుపత్రికి. వెళ్తున్నట్టు భార్యకి చెప్పాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.