గీసింది ఒకరు, అందుకుంది మరొకరు

టామ్ అండ్ జెర్రీ కార్టూన్లకు ఏడు ఆస్కార్లు వచ్చాయి. ఆ పిల్లినీ ఎలుకనూ పుట్టించి, ఏళ్ళ తరబడి వాటి చిత్రాలకు దర్శకత్వం వహించినవాళ్ళు విలియం హానా, జోసెఫ్ బార్బెరా. ఆస్కార్ ప్రతిమలు మాత్రం ఎంజీఎం కార్టూన్ విభాగం నిర్మాత ఫ్రెడ్ క్విమ్బీకి అందాయి. ఇందులో మోసమేమీ లేదు, అప్పటి పద్ధతే అది. కార్టూన్ చిత్రాలకు 1932లో ఆస్కార్ ఇవ్వడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ గౌరవం నిర్మాతకే దక్కుతూ వచ్చింది. 1937 నాటి 'స్నో వైట్' చిత్రానికి ఒక పెద్ద ప్రతిమ, ఏడు బుల్లి ప్రతిమలు కలిపి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చినప్పుడు కూడా అందుకున్నది వాల్ట్ డిస్నీ ఒక్కరే. ఆ సినిమా కోసం వందల మంది లక్షల బొమ్మలు గీశారు. వారిలో చాలామంది పేర్లు తెర మీద కూడా పడలేదు. 1941లో డిస్నీ స్టూడియో కళాకారులు సమ్మెకు దిగినప్పుడు జీతాల గొడవతో పాటు ఈ పేర్ల గొడవ కూడా ఉంది. యానిమేషన్ రంగానికి విడిగా ఒక అవార్డు ఎందుకు అవసరమైందో ఈ చరిత్రే చెబుతుంది. ఆ అవసరంలోంచి పుట్టినవే అమెరికాలో ఏటా ఇచ్చే యానీ అవార్డులు. యాభై ఏళ్ళు దాటిన ఈ అవార్డుల ప్రయాణాన్ని పరిశీలిస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది: పనిని ఎవరు తూస్తున్నారు, ఎంత వివరంగా తూస్తున్నారు అన్న రెండు ప్రశ్నలకు దొరికే జవాబులోనే ఏ అవార్డు విలువైనా ఉంటుంది.

మామూలు సినిమాలో ఎవరేం చేశారో ప్రేక్షకుడికి కొంతైనా తెలుస్తుంది. నటుడి ముఖం కనిపిస్తుంది, పాట వినిపిస్తుంది, కెమెరా పనితనం గురించి పక్కవాడితో మాట్లాడుకోవచ్చు. యానిమేషన్‌లో పాత్ర నవ్వితే ఆ నవ్వు ఎవరిదో చెప్పడం కష్టం. ఆ ముఖాన్ని ముందుగా ఊహించి గీసినది క్యారెక్టర్ డిజైనర్. సన్నివేశం ఎలా సాగాలో బొమ్మల్లో రాసినది స్టోరీబోర్డ్ కళాకారుడు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంటే, ఆ నవ్వు పెదవి చివర మొదలై కళ్ళలోకి ఎప్పుడు చేరాలో తేల్చి దాన్ని కదిలించినది యానిమేటర్. గొంతు ఇంకొకరిది. వెనక ఉన్న పొగ, నీరు, నిప్పు ప్రత్యేకంగా ఎఫెక్ట్స్ చేసేవారి పని. ఇంతమంది కలిసి ఒక్క పాత్రకు ప్రాణం పోస్తారు. పని ఎంత బాగా కుదిరితే ఆ చేతులు అంతగా మరుగున పడతాయి. ప్రేక్షకుడు వాళ్ళను మరిచిపోవడమే వాళ్ళ విజయం. అలాంటప్పుడు వాళ్ళను గుర్తుపెట్టుకునే పని ఇంకెవరో చేయాలి.

ఆ పని మొదలుపెట్టింది జూన్ ఫోరే అనే డబ్బింగ్ కళాకారిణి. ట్వీటీ కార్టూన్లలో బామ్మ గొంతు ఆమెదే. అంతర్జాతీయ యానిమేషన్ చిత్రాల సంఘానికి లాస్ ఏంజెలెస్‌లో ఉన్న శాఖను అసీఫా-హాలీవుడ్ అంటారు. ఈ సంఘం తరఫున ఏటా ఒక సన్మాన సభ జరపాలన్న ఆలోచన ఆమెదైతే, యానీ అనే పేరు ఆమె భర్త సూచించారు. 1972లో జరిగిన తొలి సన్మానం పొపాయ్, బెట్టీ బూప్ కార్టూన్లు తీసిన మాక్స్ ఫ్లైషర్, డేవ్ ఫ్లైషర్ సోదరులకు దక్కింది. మాక్స్ అదే ఏడాది కన్నుమూశారు. చాలాకాలం పాటు ఇది జీవితకాల కృషికి ఇచ్చే గౌరవంగానే సాగింది. ఈ గౌరవానికి పెట్టిన పేర్లు కూడా గమనించదగ్గవి. జీవిత సాఫల్య పురస్కారానికి, 1914లో 'గెర్టీ ద డైనోసార్' గీసిన విన్సర్ మెకే పేరు పెట్టారు. సాంకేతిక కృషికి ఇచ్చే పురస్కారం అబ్ ఐవర్క్స్ పేరు మీద ఉంది. మిక్కీ మౌస్ తొలి చిత్రం 'ప్లేన్ క్రేజీ'ని 1928లో దాదాపు ఒంటిచేత్తో గీసిన మనిషి ఆయన. మిక్కీ పేరు చెబితే లోకానికి డిస్నీ గుర్తొస్తారు. ఆ రంగంలో పనిచేసేవాళ్ళకు మాత్రం ఐవర్క్స్ గుర్తొస్తారు. ఎవరిని ఎవరు గుర్తుంచుకుంటారన్న తేడా ఇక్కడే ఉంది.

ఏ ఏడాది సినిమాలకు ఆ ఏడాది యానీలు ఇవ్వడం 1992లో మొదలైంది. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా మొదట గెలిచింది 'బ్యూటీ అండ్ ద బీస్ట్'. ఆస్కార్ వాళ్ళు యానిమేషన్ చిత్రాలకు విడిగా ఒక విభాగం పెట్టడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. 2002లో 'ష్రెక్' ఆ తొలి ఆస్కార్ గెలుచుకుంది. అయితే యానీల అసలు బలం ఉత్తమ చిత్రం అవార్డులో లేదు. 2001 నుంచి 2024 దాకా వచ్చిన సినిమాలను చూస్తే, ఈ 24 ఏళ్ళలో 15 సార్లు ఆస్కార్, యానీ రెండూ ఒకే చిత్రానికి దక్కాయి. బలమంతా మిగతా విభాగాల్లో ఉంది. పాత్రను కదిలించినందుకు, పాత్ర రూపం గీసినందుకు, స్టోరీబోర్డుకు, ఎఫెక్ట్స్‌కు, కళా రూపకల్పనకు, ఎడిటింగ్‌కు, గాత్రానికి, రచనకు, సంగీతానికి వేర్వేరుగా అవార్డులున్నాయి. సినిమాలకు, టీవీ సీరియళ్ళకు, వీడియో గేములకు, విద్యార్థుల చిత్రాలకు కూడా చోటుంది. ఫలానా చిత్రంలో ఫలానా పాత్రను కదిలించిన ఫలానా యానిమేటర్ అంటూ పేరుతో సహా నామినేషన్ వేస్తారు. 'స్నో వైట్' రోజుల్లో తెర మీదకు కూడా ఎక్కని పేరు ఇప్పుడు సభలో వినిపిస్తుంది.

తోటి పనివాళ్ళు తూస్తే ఏమవుతుందో చెప్పడానికి రెండు సినిమాలు చాలు. 1999లో వచ్చిన 'ది ఐరన్ జెయింట్' థియేటర్లలో ఘోరంగా దెబ్బతింది. యానీ సభలో అదే సినిమా తొమ్మిది అవార్డులు గెలుచుకుంది. దాన్ని ఒక గొప్ప చిత్రంగా లోకం ఒప్పుకున్నది తర్వాత చాలా ఏళ్ళకు. దర్శకుడు బ్రాడ్ బర్డ్ ఆ తర్వాత 'ది ఇన్‌క్రెడిబుల్స్', 'రాటటూయీ' తీశారు. ఇక 2019లో స్పెయిన్‌కు చెందిన సెర్జియో పాబ్లోస్ తీసిన 'క్లౌస్' ఉంది. అది చేత్తో గీసిన చిత్రం. కానీ బొమ్మల మీద పడే వెలుగునీడలను కొత్త పద్ధతిలో అమర్చి, చదునైన గీతకు లోతు తెచ్చారు. చూసినవాళ్ళలో చాలామంది అది కంప్యూటర్ బొమ్మే అనుకున్నారు. ఆ పని ఎంత కష్టమో తెలిసినవాళ్ళు దానికి ఏడు యానీలు ఇచ్చారు. ఆస్కార్ ఆ ఏడాది 'టాయ్ స్టోరీ 4'కు వెళ్ళింది. 'టాయ్ స్టోరీ 4' చెడ్డ సినిమా అని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆస్కార్ తుది ఓటు అకాడమీ సభ్యులందరిదీ; వారిలో యానిమేషన్ వాళ్ళు చిన్న భాగమే. తెలిసిన పేరు, తెలిసిన సంస్థ వైపు అలాంటి ఓటు మొగ్గడం సహజం. 2022 ఆస్కార్ వేదిక మీద ఈ విభాగాన్ని పరిచయం చేసినవాళ్ళు, ఇవి పిల్లలు పదే పదే చూసేవనీ తల్లిదండ్రులు భరించాల్సినవనీ అన్న ధోరణిలో మాట్లాడారు. యానిమేటర్లకు ఒళ్ళు మండింది. ఒక విభాగంలో ఓటు వేయాలంటే అందులో పోటీపడే చిత్రాలన్నీ చూసి ఉండాలన్న నియమాన్ని అకాడమీ 2025లో ప్రకటించింది. అప్పటిదాకా చూడకుండానే ఓటేసే వీలుందన్నమాట.

తోటివాళ్ళు తూస్తే మాత్రం పక్షపాతం ఉండదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2008 చిత్రాలకు జరిగిన యానీ సభలో 'కుంగ్ ఫూ పాండా' అవార్డులన్నీ ఊడ్చుకుపోయింది. ఆ ఏడాది ఆస్కార్ గెలిచిన పిక్సార్ చిత్రం 'వాల్-ఈ'కి ఒక్క యానీ కూడా రాలేదు. 'కుంగ్ ఫూ పాండా' తీసిన డ్రీమ్‌వర్క్స్ ఉద్యోగులు సంఘంలో పెద్ద సంఖ్యలో సభ్యులుగా ఉండటం వల్లే ఇలా జరిగిందన్న విమర్శలొచ్చాయి. ఓటింగ్ పద్ధతి మార్చాలని కోరిన డిస్నీ, పిక్సార్ సంస్థలు చివరికి 2010లో యానీల నుంచి తప్పుకున్నాయి. ఓటు హక్కు వృత్తిలో ఉన్నవారికే ఉండేలా సంఘం నియమాలు బిగించాక ఆ సంస్థలు తిరిగొచ్చాయి. తోటివాళ్ళ తీర్పుకూ తెగులు పడుతుందని ఈ ఉదంతం చూపిస్తుంది. కానీ ఆ తెగులుకు దొరికిన మందును చూడండి. ఓటును ఇంకా విస్తరించి అందరికీ పంచడం వల్ల అది నయం కాలేదు. పని తెలిసినవాళ్ళకే ఓటును పరిమితం చేయడం వల్ల నయమైంది. పెద్ద సంస్థల ముందు చిన్నవాళ్ళు నిలవలేరన్న మరో ఫిర్యాదుకు కూడా 2015 చిత్రాల నుంచి స్వతంత్ర చిత్రాల విభాగం పెట్టి జవాబిచ్చారు. అందులో మొదట గెలిచింది బ్రెజిల్ చిత్రం 'బాయ్ అండ్ ద వరల్డ్'. 2024 చిత్రాలకు అదే విభాగంలో గెలిచిన లాత్వియా చిత్రం 'ఫ్లో', తర్వాత ఆస్కార్ కూడా అందుకుంది.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. వేరుగా పీట వేయడమంటే పంక్తిలోంచి లేపేయడమే కదా అంటారు కొందరు. 'బ్యూటీ అండ్ ద బీస్ట్' ఒకప్పుడు ఆస్కార్ ఉత్తమ చిత్రం పోటీలో మామూలు సినిమాలతో సమానంగా నిలబడింది. ప్రత్యేక విభాగం వచ్చాక 'అప్', 'టాయ్ స్టోరీ 3' తప్ప మరే యానిమేషన్ చిత్రమూ ఆ పోటీ దాకా వెళ్ళలేదు. ఈ వాదనలో నిజముంది. అయితే అది ఆస్కార్‌కు తగిలే వాదన. సినిమా అంతటినీ ఒకచోట తూస్తామని చెప్పుకునే వేదిక ఒక రకం సినిమాను పక్క గదిలో కూర్చోబెడితే తప్పు పట్టాల్సిందే. యానీలు ఎవరినీ పక్కకు నెట్టలేదు. బయటి వేదికలు పట్టించుకోని పనిని లోపలి నుంచి నమోదు చేశాయి.

అవార్డు అన్నం పెడుతుందా అన్న ప్రశ్న మనకు మరీ దగ్గరిది. 'లైఫ్ ఆఫ్ పై' సినిమాలోని పులిని తయారుచేసిన రిథమ్ అండ్ హ్యూస్ స్టూడియోకు ముంబైలోనూ హైదరాబాద్‌లోనూ శాఖలుండేవి. 2013 ఫిబ్రవరి మొదట్లో ఆ పులిని కదిలించిన బృందానికి యానీ వచ్చింది. కొద్ది రోజులకే సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలాఖరున విజువల్ ఎఫెక్ట్స్‌కు ఆస్కార్ అందుకున్న ఆ బృందం ప్రతినిధి వేదిక మీద ఈ కష్టాన్ని ప్రస్తావించబోతే సంగీతం మోగించి, మైకు కట్ చేశారు. అవార్డు స్టూడియోను నిలబెట్టలేదు, నిజమే. అయినా సంస్థ మూతపడినప్పుడు కళాకారుడి వెంట మిగిలేది తాను ఫలానా పని చేశాననే రుజువే. బృందంలోని మనుషుల పేర్లతో ఇచ్చిన అవార్డు ఆ రుజువు అవుతుంది. సంస్థ పేరుతో ఇచ్చిన అవార్డు సంస్థతోనే పోతుంది.

ఇదే కొలతతో మన దగ్గరికొద్దాం. 2012లో వచ్చిన 'ఈగ'లో సగానికి పైగా సినిమాను మోసిన కథానాయకుడు మాటలు రాని ఈగ. దానికి ముఖకవళికలు లేవు. కోపం, ప్రేమ, కసి అన్నీ నడకలోనూ, కాళ్ళ కదలికలోనూ, తల తిప్పడంలోనూ చూపించాలి. అది నటనే. ఆ ఈగను మలిచిన హైదరాబాద్ సంస్థ మకుటకు జాతీయ అవార్డు దక్కింది, కానీ స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగంలో. మామూలు సినిమాలో యానిమేషన్ పాత్రకు ప్రాణం పోసినందుకు యానీలలో విడిగా ఒక విభాగం ఉంది. మన దగ్గర అటువంటి విభాగమే లేదు. జాతీయ అవార్డుల్లో 2006 చిత్రాలకు మొదలైన ఉత్తమ యానిమేషన్ చిత్రం పురస్కారం తొలిసారి గెలిచింది తెలుగు చిత్రం 'కిట్టు'. ఆ తర్వాతి కాలంలో కొన్ని ఏడాదులకు ఆ అవార్డు ఎవరికీ ఇవ్వలేదు. 2022 చిత్రాల నుంచి యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ అన్నిటినీ కలిపి ఏవీజీసీ పేరుతో ఒకే గంపలో వేశారు. ఇందులో మొదట 'బ్రహ్మాస్త్ర', తర్వాత తెలుగు చిత్రం 'హనుమాన్' గెలిచాయి. వాటి పనితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కానీ రెండూ నటులతో తీసిన సినిమాలే. మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా గీసి తీసిన సినిమా ఇలాంటి భారీ చిత్రాలతో పోటీపడి గెలవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

మన దగ్గర తగినన్ని యానిమేషన్ సినిమాలు రావడం లేదు కాబట్టి విడి విభాగం దండగ అనడం తేలిక. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ తీసే 'ఛోటా భీమ్' 2008 నుంచి దేశమంతటా పిల్లలు చూస్తున్నారు. 2025లో 'మహావతార్ నరసింహ'ను పెద్దలు కూడా టికెట్లు కొని చూశారు. సినిమాలు తక్కువన్న మాట ఉత్తమ చిత్రం అవార్డుకు వర్తిస్తే వర్తించవచ్చు. స్టోరీబోర్డుకు, పాత్ర రూపకల్పనకు, కదలికకు వర్తించదు. ఎందుకంటే ఆ పని చేసేవాళ్ళు సినిమాల్లో, సీరియళ్ళలో, ప్రకటనల్లో, గేముల్లో వేల సంఖ్యలో ఉన్నారు, విదేశీ స్టూడియోల కోసం కూడా పనిచేస్తున్నారు. ఫ్లైషర్ సోదరులను సన్మానించే నాటికి అసీఫా-హాలీవుడ్ ప్రభుత్వం కోసం ఎదురుచూడలేదు, టీవీ ప్రసారం కోసం ఆగలేదు. తమవాళ్ళ పని తమకు తెలుసునన్న నమ్మకం ఒక్కటే వాళ్ళకున్న పెట్టుబడి. మన నగరాల్లో యానిమేషన్ కళాశాలలున్నాయి, స్టూడియోలున్నాయి, చేయి తిరిగిన కళాకారులున్నారు. పని తెలిసినవాళ్ళు ఓటేసే, ఒక్కో పనినీ విడిగా తూచే, మనిషిని పేరు పెట్టి పిలిచే ఒక వార్షిక పురస్కారాన్ని వాళ్ళే మొదలుపెట్టుకోవచ్చు. మొదటి ఏళ్ళలో అది చిన్నదిగానే ఉంటుంది. యానీలు కూడా అలాగే మొదలయ్యాయి.