రెండు వ్యవస్థలు - ఒక దుబాసీ

కంప్యూటరు చేత పని చేయించేది నిర్వహణ వ్యవస్థ. దీనినే ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. కీబోర్డుపై అక్షరం నొక్కినా, తెరపై బొమ్మ కనిపించినా, డిస్కులో ఫైలు భద్రపరచినా ఆ పనులన్నీ ఈ వ్యవస్థ ద్వారానే జరుగుతాయి. ఇళ్లలో, కార్యాలయాలలో బల్లలమీది కంప్యూటర్లపై అధికంగా కనిపించేది మైక్రోసాఫ్ట్ సంస్థకు చెందిన విండోస్. ఇంటర్నెట్‌ను నడిపే సర్వర్లలో ఎక్కువ భాగం లైనక్స్‌పై పనిచేస్తాయి. అందువల్ల విండోస్ ముందు కూర్చొని లైనక్స్ పనిముట్లను వాడవలసిన అవసరం ఎందరికో కలిగింది. ఆ అవసరం ఎలా తీరిందో ఈ పాఠం వివరిస్తుంది.

లైనక్స్ పనిముట్లకు మూలం యూనిక్స్. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ ప్రభృతులు దానికి రూపకల్పన చేశారు. ఒక్కొక్క పనిముట్టు ఒక్క పనినే చక్కగా చేయాలి. ఒకదాని ఫలితం మరొకదానికి అందాలి. ఇదీ యూనిక్స్ సంప్రదాయం. ఒకదాని నుండి మరొకదానికి ఫలితాన్ని అందించే 'పైప్' సౌకర్యం డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ సూచనతో 1973లో అమరింది. యూనిక్స్‌ను పోలిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను నిర్మిస్తానని 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించాడు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నెల్‌ను వెలువరించాడు. నిర్వహణ వ్యవస్థకు గుండెకాయ వంటి భాగమే కెర్నెల్. ఈ రెండు కృషుల కలయికతో ఎవరైనా చూడగలిగే, మార్చగలిగే, పంచుకోగలిగే వ్యవస్థ లోకానికి దక్కింది.

ఈ పనిముట్ల బలాన్ని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక ఫైలులో లక్షమంది విద్యార్థుల పేర్లు, ఊర్లు వరుసకు ఒకటి చొప్పున ఉన్నాయనుకుందాం. 'గ్రెప్' వరంగల్ అనే మాట ఉన్న వరుసలను మాత్రమే ఏరుతుంది. 'సార్ట్' వాటిని అక్షరక్రమంలో పేరుస్తుంది. ఆ వరుసలను 'డబ్ల్యుసి' లెక్కిస్తుంది. ఈ ఆదేశాన్ని ఒకసారి రాసి దాచుకుంటే మరుసటి ఏడాది జాబితాకు కూడా అదే పనికివస్తుంది.

అయితే లైనక్స్ కోసం తయారైన ప్రోగ్రాము నేరుగా విండోస్‌లో నడవదు. ప్రాసెసర్ ఒకటే అయినా ఈ ఇబ్బంది తప్పదు. ఏ ప్రోగ్రామూ తనంతట తాను ఫైలు తెరవలేదు, కెర్నెల్‌ను అడగాలి. ఈ విన్నపాలనే సిస్టమ్ కాల్స్ అంటారు. లైనక్స్ విన్నపాల తీరు వేరు, విండోస్ విన్నపాల తీరు వేరు. ఒకరి భాష మరొకరికి తెలియదు. కనుక పూర్వం రెండు వ్యవస్థలూ కావలసినవారు డిస్కును విభజించి, ఒకదాని నుండి మరొకదానికి మారిన ప్రతిసారీ యంత్రాన్ని ఆపి మళ్లీ నడిపించేవారు. విభజనలో పొరపాటు జరిగితే అందులోని సమాచారమంతా పోయేది. ఇంటిల్లిపాదికీ ఒకే కంప్యూటరు ఉన్నచోట ఇది చిన్న సాహసం కాదు.

1995లో సిగ్నస్ సొల్యూషన్స్ సంస్థ 'సిగ్విన్' నిర్మాణానికి పూనుకొంది. యూనిక్స్ తరహా కోరికలను విండోస్ కోరికలుగా మార్చే గ్రంథాలయం వంటిది ఇది. అయితే ప్రతి పనిముట్టునూ దాని మూలరచన నుండి విండోస్ కోసం మళ్లీ తయారుచేయవలసి వచ్చేది. లైనక్స్‌లో సిద్ధంగా ఉన్న ప్రోగ్రాము ఉన్నదున్నట్లుగా నడిచేది కాదు.

మైక్రోసాఫ్ట్ వైఖరి కూడా మొదట అనుకూలంగా లేదు. 2001లో ఆ సంస్థ అధినేత స్టీవ్ బామర్ లైనక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చాడు. హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల 2014లో ఆ పదవిని చేపట్టి, తమ సంస్థ లైనక్స్‌ను ప్రేమిస్తోందని అదే ఏడాది బహిరంగంగా చాటారు. 2016 మార్చిలో 'విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లైనక్స్' ప్రకటన వెలువడింది. ఉబుంటు రూపకర్తలైన కనానికల్ సంస్థ ఇందులో భాగస్వామి. ఆ ఏడాది ఆగస్టులో ఇది విండోస్ 10 వాడుకరులకు అందింది.

కుంపిణీ కాలంలో దొరలకు, దేశీయులకు నడుమ దుబాసీ ఉండేవాడు. ఒకరి మాటను మరొకరి భాషలో వినిపించేవాడు. ఈ మొదటి రూపం అచ్చంగా అటువంటిదే. ఇందులో లైనక్స్ కెర్నెల్ లేదు. లైనక్స్ ప్రోగ్రాము చేసిన విన్నపాన్ని విండోస్ కెర్నెల్‌లోని ఒక భాగం అందుకొని అనువదించేది. ప్రోగ్రామును మార్చవలసిన పని లేదు. కానీ విన్నపాలు వందలు. లైనక్స్‌లో కొత్తవి చేరుతూనే ఉంటాయి. కొన్నింటికి విండోస్‌లో సరియైన సమానార్థకాలు లేవు. వేలకొలది చిన్న ఫైళ్లతో పనిచేసేటప్పుడు వేగం మందగించేది.

అందుచేత 2019లో ప్రకటించి 2020లో విడుదల చేసిన రెండవ రూపంలో దుబాసీ స్థానాన్ని అసలు లైనక్స్ కెర్నెల్ ఆక్రమించింది. యంత్రంలోనే మరో యంత్రాన్ని కల్పించే వర్చువల్ మెషీన్‌లో అది నడుస్తుంది. విన్నపాలకు అనువాదం అక్కరలేదు. అయితే లైనక్స్ వైపు నుండి విండోస్ ఫైళ్లను అందుకోవడం నెమ్మది. కనుక ఏ వైపు పనిముట్లను వాడుతున్నామో ఆ వైపే ఫైళ్లను ఉంచుకోవడం మేలు. మరికొన్ని భేదాలూ గమనింపదగినవి. ఆంగ్లంలో పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడాతో రాసిన రెండు పేర్లను విండోస్ సాధారణంగా ఒకటిగా చూస్తుంది. లైనక్స్ వేర్వేరుగా ఎంచుతుంది. వరుస ముగింపునకు విండోస్ సంప్రదాయం రెండు గుర్తులను వాడుతుంది. లైనక్స్‌కు ఒక్కటే చాలు. ఈ అదనపు గుర్తు వల్ల చక్కగా రాసిన ఆదేశాలు కూడా విఫలం కావచ్చు.

2025 మేలో మైక్రోసాఫ్ట్ ఈ ఉపవ్యవస్థ మూలరచనలో అధిక భాగాన్ని బహిరంగపరచింది. విండోస్ మూలరచన మాత్రం ఆ సంస్థ సొంత ఆస్తిగానే ఉన్నది. ఈ సంధికి మార్గం వేసినది లైనక్స్‌కు గల బాహాటత్వం. దాని విన్నపాల తీరు అందరికీ తెలిసినది కనుకనే అనువాదం సాధ్యమైనది. దాని కెర్నెల్‌ను మార్చి పంచిపెట్టేవారు మార్పులతో కూడిన మూలరచనను కూడా అందజేయాలన్న లైసెన్సు నియమానికి ఎంత పెద్ద సంస్థ అయినా కట్టుబడవలసినదే. ఏ యంత్రం ముందు కూర్చున్న విద్యార్థికైనా ఆ విద్య అందుబాటులోకి వచ్చినదంటే, మొదట దానిని దాచుకోకుండా పంచినవారు ఉండడమే అందుకు కారణం.