మీకు తెలుసా? గుంపులో ప్రతి పిల్లవాడూ పంతులే

భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల వైపు అడవి దారిన వెళ్తే ఊళ్ల పేర్ల చివర ‘గూడెం’, ‘గుంపు’ అన్న మాటలు తరచూ వినిపిస్తాయి. కొన్ని ఇళ్లు ఒక్కచోట చేరితే అది గుంపు. ఆ గుంపుల నుంచి చిన్న బడులకు వచ్చే పిల్లలు ఒకరికొకరు తోడై ఎలా నేర్చుకోగలరో చెప్పే సంగతులివి.

ఒకే గ్లాసు, మూడు పేర్లు

మనం నీళ్లు అంటాం. కోయ పిల్లవాడు ‘ఏరు’ అంటాడు. లంబాడా పిల్ల ‘పాణి’ అంటుంది. తెలుగులో ఏరంటే వాగు కదా అని ఆ పిల్లవాడి జవాబును కొట్టేస్తే, వాడు మళ్లీ నోరు విప్పడానికి వెనకాడతాడు. కోయ గోండీకి దగ్గరి చుట్టం, తెలుగులాగే ద్రావిడ కుటుంబపు భాష. మూడు మాటలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి అందరిచేతా పలికిస్తే, అప్పటిదాకా తలొంచుకుని కూర్చున్న పిల్లలే మిగతావాళ్లకు పలకడం నేర్పుతారు.

ఎనిమిది భాషల్లో చదువు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గిరిజన పిల్లలకు వారి ఇంటి భాషలోనే చదువు మొదలుపెట్టే కార్యక్రమం వచ్చింది. కోయ, గోండి, కొలామి, లంబాడా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో, మొదట 240 బడుల్లో దాన్ని చేపట్టారు. కోయ పాఠాలను తెలుగు లిపిలోనే రాశారు. ముందు తెలిసిన మాటను చదవడం, ఆ తర్వాత మెల్లగా తెలుగులోకి రావడం దాని పద్ధతి. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం కూడా ప్రాథమిక దశలో అమ్మభాషలో బోధనకు తగిన ఏర్పాట్లు చేయమనే చెబుతోంది.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. తరగతులేమో ఐదు. ఒక సారు రెండో తరగతికి లెక్క చెబుతుంటే నాలుగో తరగతి ఏం చేయాలి? అడవి అంచు బడుల్లో ఇది రోజూ ఎదురయ్యే ప్రశ్న. పెద్దపిల్ల చిన్నపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించడమే దీనికి మంచి జవాబు. చిన్నది నేర్చుకుంటుంది. చెప్పే పెద్దదానికీ పాఠం ఇంకాస్త గట్టిపడుతుంది.

మదనపల్లె చూపిన నిచ్చెన

ఈ ఇబ్బందికి దారి చూపింది మన తెలుగు నేలే. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం పాఠాలను చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్లున్న నిచ్చెనలా అమర్చింది. ప్రతి పిల్లా తనున్న మెట్టు చూసుకుని, తన కార్డు తానే తీసుకుని, తన గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపుకు టీచరు పూర్తిగా తోడుంటారు, మరో గుంపుకు కొంత సాయం చేస్తారు. ఇంకో గుంపులో పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు, వేరొక గుంపులో ఎవరి పని వారు చేసుకుంటారు. కర్ణాటకలో 1995లో మొదలైన నలి-కలి బోధన పద్ధతికి స్ఫూర్తి ఇక్కడిదే. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు కూడా ఈ బాటే పట్టాయి.

పాఠాన్ని పంచుకుంటే పగ పోతుంది

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో తెల్ల, నల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే తరగతిలోకి వచ్చారు. వాళ్ల మధ్య అనుమానాలు, కొట్లాటలు. మనస్తత్వ శాస్త్రవేత్త ఇలియట్ ఆరన్సన్ పాఠాన్ని ముక్కలు చేసి గుంపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. పక్కవాడు చెప్పేది వింటేనే పాఠం పూర్తవుతుంది. అలా ఎవరినీ తీసిపారేయలేని పరిస్థితి కల్పించారు.

మన దగ్గర ఇప్పచెట్టును ఇలాగే పాఠం చేయవచ్చు. పువ్వు ఎప్పుడు రాలుతుందో ఒకరు, గింజ నుంచి నూనె ఎలా తీస్తారో ఇంకొకరు, పువ్వు కోసం ఎలుగుబంటి ఎప్పుడొస్తుందో మరొకరు, సంతలో ధర ఎంతో నాలుగో వారు ఇంట్లో అడిగి తెలుసుకుని రావాలి. పుస్తకం చదవడంలో వెనకబడిన పిల్లవాడి దగ్గరే ఆ రోజు అందరికంటే ఎక్కువ సమాచారం ఉండవచ్చు.

చేయి చేయి పట్టిన పాట

కోయల రేల ఆటలో చేతులు కలిపి, వలయంగా కదులుతూ పాడతారు. ఒకరి అడుగు తప్పితే పక్కవారి అడుగే సరిదిద్దుతుంది. మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య డోలి వాయిస్తూ సమ్మక్క-సారలమ్మ గాథను పాడేవారు. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. పెద్దల నోట విని నేర్చుకునే విద్యకు దేశం ఇచ్చిన గౌరవమది. ఊళ్లో పాట తెలిసిన తాతనో అవ్వనో నెలకొకసారి బడికి పిలిస్తే, పిల్లలు తమ ఇంటి గురించి తలెత్తుకుని చెప్పుకుంటారు.

భయం లేని బడి చట్టమే

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. 29వ సెక్షన్ పిల్లలను భయం, ఆందోళనల నుంచి విడిపించాలని, వీలైనంతవరకు అమ్మభాషలో చెప్పాలని అంటుంది. కాబట్టి ‘తప్పు, కూర్చో’ అనే బదులు ‘ఇక్కడిదాకా బాగా చెప్పావు, మిగతాది ఎవరు కలుపుతారు?’ అని అడగడం టీచరు దయ చూపడం కాదు, పిల్లల హక్కును నిలబెట్టడం.

టీచరమ్మలకు, సార్లకు, పిల్లల్ని ప్రేమించే ప్రతి ఒక్కరికీ ఒక్క మనవి. రేపు బడికి వెళ్లగానే వెనక వరుసలో మౌనంగా కూర్చున్న పిల్లను పిలిచి, వాళ్లింటి మాట ఒక్కటి అడగండి. దాన్ని బోర్డు మీద రాసి, తరగతి అంతటికీ ఆ పిల్లచేతే నేర్పించండి.