నేల మీద కూర్చోగల కాలు

1960ల తొలినాళ్లలో జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రి ఎముకల విభాగాన్ని ఒక చిక్కు వేధించేది. కాలు పోగొట్టుకున్నవాళ్లకు అక్కడి డాక్టర్లు విదేశీ నమూనా కృత్రిమ కాళ్లు అమర్చి పంపేవారు. కొన్నాళ్లకు ఆ మనుషులే మళ్లీ చంకకర్రల మీద కనిపించేవారు. ఇచ్చిన కాలు ఇంట్లో మూలన పడి ఉండేది. అది విరిగిపోయిందనో, పాడైపోయిందనో కాదు. వాళ్ల బతుకుకు పనికిరాలేదు, అంతే.

ఎందుకు పనికిరాలేదో పట్టించుకున్న డాక్టర్ ప్రమోద్ కరణ్ సేఠీ. ఎడిన్‌బరోలో ఎఫ్‌ఆర్‌సీఎస్ చదివి వచ్చిన సర్జన్. తప్పు రోగిదని ఆయన అనుకోలేదు. తప్పు కాలిదని గుర్తించాడు. ఆ గుర్తింపు నుంచే ఇవాళ ప్రపంచమంతా ఎరిగిన జైపూర్ కాలు పుట్టింది.

బూటు కోసం పుట్టిన పాదం

మనిషి తెగిన కాలుకు బదులు ఇంకొకటి పెట్టుకోవాలని చూడడం కొత్తేమీ కాదు. ఋగ్వేదంలో అశ్వినీ దేవతలు విశ్పలకు లోహపు కాలు అమర్చిన ప్రస్తావన ఉంది. ఈజిప్టులో ఒక మమ్మీ పాదానికి కొయ్యతో, తోలుతో చేసిన బొటనవేలు దొరికింది. దాని వయసు దాదాపు 3000 ఏళ్లు. ఇరవయ్యో శతాబ్దంలో రెండు ప్రపంచ యుద్ధాలు లక్షల మంది సైనికుల కాళ్లు చేతులు తీసేశాక ఈ విద్య శాస్త్రంగా మారింది. 1950లలో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో ‘శాచ్’ అనే పాదం తయారైంది. లోపల గట్టి కొయ్య దుంగ, మడమ దగ్గర మెత్తటి రబ్బరు మెత్త. కదిలే కీలు ఒక్కటీ లేదు. చవక, తేలిక, మన్నిక. చాలా దేశాలు దాన్నే వాడాయి.

అయితే ఆ పాదాన్ని తయారు చేసినవాళ్ల మనసులో ఒక మనిషి ఉన్నాడు. అతను పొద్దున్నే బూట్లు వేసుకుంటాడు, చదునైన దారి మీద నడుస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, బల్ల మీద తింటాడు. రాజస్థాన్ రైతు అతను కాదు. మన రైతూ కాదు. ఇక్కడ బూటుతో వంటింట్లోకి అడుగు పెట్టరు, గుడిలోకి అసలే పోరు. అన్నం తినాలంటే బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. కలుపు తీయాలన్నా, పొయ్యి ముందు వంట చేయాలన్నా, దొడ్డికి వెళ్లాలన్నా గొంతుక్కూర్చోవాలి. పొలం గట్టు మీద ఒక పక్కకు ఒరిగిన నేలలో నడవాలి. నీళ్లలో, బురదలో దిగాలి. శాచ్ పాదం వీటిలో ఏదీ చేయనివ్వదు. తడిస్తే లోపలి మెత్త పాడైపోతుంది. బూటు విప్పితే పాదంలా కూడా కనిపించదు.

మాస్టర్‌జీ

సేఠీకి తోడు దొరికినవాడు రామచంద్ర శర్మ. శిల్పులు, చేతిపనివాళ్ల సంప్రదాయం నుంచి వచ్చిన మనిషి. బడి చదువు బహు తక్కువ. ఆసుపత్రిలో రోగులకు చేతిపనులు నేర్పడానికి వచ్చాడు. అందరూ మాస్టర్‌జీ అనేవారు. కాలు లేనివాళ్లు పడే అవస్థ ఆయన రోజూ చూస్తున్నాడు. ఎముకలు, కీళ్లు, కండరాల లెక్క డాక్టరుకు తెలుసు. చెక్క, లోహం, రబ్బరు ఎలా వంగుతాయో, ఎక్కడ విరుగుతాయో మాస్టర్‌జీ చేతులకు తెలుసు. ఈ ఇద్దరి జ్ఞానం ఒకే బల్ల దగ్గర కలవడమే అసలు సంగతి.

మాస్టర్‌జీ ఒకసారి సైకిల్ మీద వెళుతుంటే పంక్చర్ పడిందనీ, బాగు చేయించుకునే చోట లారీ టైరుకు కొత్త రబ్బరు పోతపోస్తుంటే చూసి పాదాన్ని కూడా ఇలాగే పోయొచ్చన్న ఆలోచన వచ్చిందనీ చెబుతారు. పచ్చి రబ్బరు వేడికి జిగటగా కారుతుంది, చలికి పెళుసుబారుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు అణువుల పొడవాటి గొలుసుల మధ్య అడ్డంగా వంతెనలు ఏర్పడతాయి. అప్పుడది సాగుతుంది, వదిలితే యథాస్థానానికి వస్తుంది, నీటికి చెడదు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్న ఈ పద్ధతే వల్కనైజింగ్. ఊరూరా టైర్ల షాపుల్లో జరిగే పని ఇదే. రాళ్లూ గతుకులూ ఉన్న దారిలో టన్నుల బరువు మోసే రబ్బరు మనిషి బరువు మోయలేదా?

మోస్తుంది. అయితే పాదాన్ని మొత్తం గట్టి రబ్బరుతో పోస్తే బరువెక్కిపోతుంది, వంగదు. అందుకే లోపల ఏముండాలన్నది తేలడానికి చాలా ప్రయత్నాలు పట్టాయి. 1968 నాటికి పాదం ఒక రూపానికి వచ్చింది.

లోపల ఏముంది?

జైపూర్ పాదాన్ని నిలువుగా కోసి చూస్తే మూడు దిమ్మలు కనిపిస్తాయి. పైన, చీలమండ చోట ఒక కొయ్య దిమ్మ. దాని గుండా దిగిన బోల్టు పాదాన్ని పై కాలికి బిగిస్తుంది. వెనుక మడమ, ముందు వేళ్ల వైపు భాగం, ఈ రెండూ స్పాంజి రబ్బరు దిమ్మలు. మూడింటినీ కలిపి టైర్లలో వాడే నైలాన్, రేయాన్ తాళ్లున్న రబ్బరు పట్టీలతో చుడతారు. మన పాదంలో ఎముకల్ని స్నాయువులు పట్టి ఉంచినట్టే ఈ తాళ్లు దిమ్మల్ని చెదరకుండా పట్టి ఉంచుతాయి. పైన చర్మం రంగు రబ్బరు పొర కప్పి, పాదం ఆకారంలో ఉన్న అల్యూమినియం అచ్చులో పెట్టి ఉడికిస్తారు. బయటికి వచ్చేసరికి విడివిడి ముక్కలన్నీ ఒకే పాదమై ఉంటాయి. వేళ్లు వేళ్లలాగే కనిపిస్తాయి. చెప్పులు లేకుండానూ నడవొచ్చు.

ఇందులో ఇనుప కీలు ఎక్కడా లేదు. స్పాంజి రబ్బరే కీలు. గొంతుక్కూర్చున్నప్పుడు మీ పాదాన్ని ఒకసారి గమనించండి. మడమ నేల మీదే ఉంటుంది, పిక్క మాత్రం పాదం మీదికి బాగా ముందుకు వాలుతుంది. ఆ వాలు లేకపోతే వెనక్కి పడిపోతాం. గట్టు మీద నడిచేటప్పుడు అరికాలు ఎటు పల్లముంటే అటు ఒరుగుతుంది. బాసింపట్టు వేసినప్పుడు పాదం తన ఇరుసు మీద తాను కొంచెం తిరుగుతుంది. ముందుకు వాలడం, పక్కకు ఒరగడం, మెలి తిరగడం – ఈ మూడూ స్పాంజి రబ్బరు నలిగి, సాగి ఇస్తుంది. ఎంత బరువు పడితే అంత వంగుతుంది, బరువు తీయగానే తిరిగి నిలబడుతుంది. నూనె పెట్టే పని లేదు, నీళ్లలో తుప్పు పట్టే భయమూ లేదు.

పాదం ఎంత బాగున్నా, మనిషి ఒంటికి తగిలేది సాకెట్. తెగిన కాలి కొస దూరే గిన్నె అది. మొదట్లో దాన్ని అల్యూమినియం రేకుతో సుత్తి దెబ్బల మీద మలిచేవారు. తరవాత పొలాలకు నీళ్లు పారించే హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ గొట్టం ఆ పనికి వచ్చింది. తయారీ కళ్లారా చూడదగ్గది. మిగిలిన కాలికి ప్లాస్టర్ కట్టు చుట్టి కొలత అచ్చు తీస్తారు. ఆ అచ్చులో ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ పోస్తే కాలి కొసకు నకలు తయారవుతుంది. ఎముక పొడుచుకొచ్చే చోట ఒత్తిడి పడకుండా, బరువు తట్టుకునే చోట సరిగ్గా ఆనేలా ఆ నకలును ఆకురాయితో చెక్కుతారు. గొట్టాన్ని కొలిమిలో మెత్తబడేదాకా కాచి, చేతులకు తొడుగులు వేసుకున్న పనివాళ్లు దాన్ని నకలు మీదికి లాగుతారు. లోపలి గాలి పీల్చేస్తే ప్లాస్టిక్ ప్రతి ఒంపుకూ అతుక్కుని గట్టిపడుతుంది. అంచులు కోసి, పాదం బిగించి, రోగిని రెండు కడ్డీల మధ్య నిలబెడతారు. మోకాలి కింద తెగిన కాలైతే ఈ పనంతా ఒక్క రోజులో పూర్తి చేయగలరు.

ఆసుపత్రి గడప దాటిన కాలు

కనిపెట్టడం ఒకటి, అవసరమైనవాళ్లకు చేరడం ఒకటి. తొలి ఏడేళ్లలో జైపూర్ కాలు అందింది కొన్ని పదుల మందికే. దీన్ని మార్చినవాడు దేవేంద్ర రాజ్ మెహతా అనే ఐఏఎస్ అధికారి. 1969లో రోడ్డు ప్రమాదంలో ఆయన కాలు నుజ్జయింది, తీసేయాల్సి వస్తుందన్నంత దాకా వెళ్లింది. కాలు దక్కింది గానీ, దక్కనివాళ్ల గతి ఏమిటన్న ప్రశ్న ఆయన్ను వదల్లేదు. 1975లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించారు. కాలికి డబ్బు తీసుకోరు. వచ్చినవాళ్లకూ తోడు వచ్చినవాళ్లకూ తిండి, బస అక్కడే. పేదవాడు పనిదినాలు పోగొట్టుకుని పదిసార్లు తిరగలేడు కాబట్టి వచ్చిన పని చప్పున ముగించి పంపుతారు. కృత్రిమ కాళ్లు, కాలిపర్లు, చంకకర్రలు, మూడు చక్రాల బండ్లు అన్నీ కలిపి ఈ సంస్థ సాయం అందుకున్నవాళ్లు 20 లక్షలు దాటారు. జైపూర్ పాదానికి పేటెంట్ అడ్డు లేదు, ఎవరైనా చేసుకోవచ్చు. అందుకే మందుపాతరలు వేల కాళ్లు తీసేసిన అఫ్గానిస్తాన్ దాకా అది నడిచి వెళ్లింది.

1981లో సేఠీకి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మాస్టర్‌జీకి ఆ స్థాయి గుర్తింపు రాలేదు. జైపూర్ కాలు గురించి చెప్పేటప్పుడు ఈ రెండు పేర్లూ కలిపే చెప్పడం న్యాయం.

తెలుగువాళ్లకు ఈ కాలును పరిచయం చేసింది సినిమా. బొంబాయికి చెందిన భరతనాట్య కళాకారిణి సుధా చంద్రన్ 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదంలో గాయపడింది. గాయం కుళ్లడంతో కుడి కాలు మోకాలి కింద తీసేయాల్సి వచ్చింది. సేఠీ గురించి చదివి జైపూర్ వెళ్లింది. నాట్యానికి తగ్గట్టు కాలిని సరిచేసుకుంటూ, నెత్తురోడే నొప్పిని ఓర్చుకుంటూ సాధన చేసి 1984లో మళ్లీ వేదిక ఎక్కింది. ఆమె కథనే సింగీతం శ్రీనివాసరావు ‘మయూరి’గా తీశారు. నిర్మాత రామోజీరావు, సంగీతం ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. కథానాయిక సుధా చంద్రనే. కాలు పోతే బతుకు పోయినట్టు కాదన్న మాట ఆ సినిమాతో మన పల్లెల దాకా చేరింది.

అయితే కాలు పెట్టుకున్న ప్రతి ఒక్కరూ నాట్యం చేసి చూపించనక్కర్లేదు. వరినాట్లకు వెళ్లగలిగితే చాలు. పిల్లను బడి దాకా దిగబెట్టి రాగలిగితే చాలు. అదీ ఘనతే.

కాలు చేయలేనిది

ఈ పాదానికి పరిమితులున్నాయి. కార్బన్ ఫైబర్ పాదంలా అడుగడుగునా శక్తిని దాచుకుని తిరిగివ్వదు కాబట్టి వేగంగా పరుగెత్తడానికి అది అంత అనువు కాదు. చేతితో చేసేది కావడంతో నాణ్యత చేసే మనిషిని బట్టి మారుతుంది. రబ్బరు అరుగుతుంది, కొన్నేళ్లకోసారి మార్చుకోవాలి. మోకాలి పైన తెగినవాళ్ల ఇబ్బంది ఇంకా పెద్దది, వాళ్లకు మోకాలు కూడా కావాలి. స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు జైపూర్ సంస్థతో కలిసి తక్కువ ఖర్చులో నాలుగు కడ్డీల ప్లాస్టిక్ మోకాలు చేశారు. నిలబడినప్పుడు బిగుసుకుని ఉండి, అడుగు తీసేటప్పుడు సులువుగా ముడుచుకునే ఆ మోకాలిని టైమ్ పత్రిక 2009 ఉత్తమ ఆవిష్కరణల్లో చేర్చింది.

ఏ కాలూ దాటలేని అడ్డంకులు మాత్రం మనం కట్టినవి. 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ను 3 నుంచి 4 శాతానికి పెంచింది, ప్రజలు వచ్చే ప్రతి భవనం అందరికీ అందుబాటులో ఉండాలంది. అయినా బ్యాంకు ముందు పట్టుకోవడానికి కడ్డీ లేని నిటారు మెట్లే ఉంటాయి. బస్సు మెట్టు మోకాలెత్తులో ఉంటుంది. ర్యాంపు కట్టామంటారు, అది బండి జారిపోయేంత ఏటవాలుగా ఉంటుంది. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది కొలత. మేస్త్రీకి ఆ మాట చెప్పేవాళ్లు లేరు.

కాలు లేని మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నా పక్కనున్నవాళ్లను ఆయన సంగతి అడగడం ఇంకో అడ్డంకి. ఆయననే అడగండి. అడగకుండా చెయ్యి పట్టి లాగి సాయం చేయకండి, కావాలో వద్దో కనుక్కోండి.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఎవరికైనా ప్రమాదం వల్లనో షుగరు పుండు వల్లనో కాలు తీసేయాల్సి వచ్చి ఉంటే, గాయం మానగానే కృత్రిమ కాలు సంగతి డాక్టరును అడగండి. వారి పేర వైకల్య ధ్రువీకరణ పత్రం తీయించండి. కాలు వచ్చాక ప్రతి సాయంత్రం విప్పి, కొస మీద ఎరుపు గానీ పొక్కు గానీ ఉందేమో చూడమనండి. షుగరు ఉన్నవాళ్లకు చాలాసార్లు నొప్పి తెలియదు కాబట్టి ఇది తప్పనిసరి. సాకెట్ వదులైతే సర్దుకుపోవద్దు, తీసుకెళ్లి సరిచేయించాలి. ఇక ఇల్లో బడో దుకాణమో కడుతున్నవాళ్లు ముంగిట మెట్లకు ఒక కడ్డీ, పక్కన సరైన వాలుతో ఒక ర్యాంపు పెట్టించండి. సేఠీ, మాస్టర్‌జీ మన బతుకును చూసి కాలును మార్చారు. ఆ కాలు నడిచే దారిని మార్చాల్సింది మనమే.