విద్యుత్ చాపం: వెలుగు, వేడి, కంటికి ముప్పు

వెల్డింగు షాపు ముందునుండి నడుస్తుంటే కళ్ళు మిరుమిట్లు గొలిపే నీలికాంతి కనిపిస్తుంది. అదే విద్యుత్ చాపం. విద్యుత్తు ప్రవహిస్తున్న రెండు కొనలను తాకించి కొద్దిగా ఎడం చేస్తే, నడుమనున్న గాలి విపరీతంగా వేడెక్కి, తానే విద్యుద్వాహకమై జ్వలిస్తుంది. కడ్డీలను అడ్డంగా అమర్చినప్పుడు వేడిగాలి పైకి లేచి ఆ జ్వాలను విల్లులా వంచుతుంది. చాపమన్న పేరు అందుకే వచ్చింది.

19వ శతాబ్ది ఆరంభంలో లండన్‌లో హంఫ్రీ డేవీ బొగ్గు కడ్డీలతో దీనిని ప్రదర్శించాడు. తరువాత ఆ దీపాలు వీధులను, లైట్‌హౌసులను వెలిగించాయి. అయితే అవి ఉన్నట్టుండి బుసకొట్టేవి, రెపరెపలాడేవి. కారణమేమిటో తేల్చినది హెర్తా ఐర్టన్ అనే మహిళ. ధన కడ్డీ కొన గుంటలోకి గాలిలోని ఆక్సిజన్ చొరబడడమే ఆ బుసకు మూలమని ఆమె నిరూపించింది. 1902లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఆమె పేరు ప్రతిపాదించగా, వివాహిత అన్న కారణంతో నిరాకరించారు. వివాహానికీ విజ్ఞానానికీ వైరమేమిటో వారికే తెలియాలి! అదే సొసైటీ 1906లో ఆమెకు హ్యూస్ పతకం ఇచ్చింది.

నేడు చాపం వెలుగుకన్నా దాని వేడితోనే మనకు పని ఎక్కువ. ఇనుము 1,538 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. చాపం వేడి 5,000 డిగ్రీలను మించుతుంది. పాత ఇనుమును కరిగించి మళ్ళీ ఉక్కుగా మార్చే కొలిమిలోనూ, ఇంటి గేటును అతికే చోటా ఇదే శక్తి. వెల్డింగు రాడ్డుపై పూత ఉండడానికీ కారణముంది: అది కాలి వాయువుగా, చిట్టెంగా మారి, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. ఐర్టన్ పట్టుకున్న ఆ ఆక్సిజనే ఇక్కడా శత్రువు.

అయితే కంటికి దీనితో ముప్పు ఉంది. చాపం నుండి వెలువడే అతినీలలోహిత కిరణాలు కంటి నల్లగుడ్డుపైనున్న పారదర్శక పొరను కాలుస్తాయి. ఆ క్షణంలో ఏమీ తెలియదు. కొన్ని గంటల తరువాత, తరచుగా రాత్రివేళ, కంట్లో ఇసుక పోసినట్లు మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మొదలవుతాయి. సాధారణ చలువ కళ్ళద్దాలు దీనికి చాలవు. పనివానికి వెల్డింగు కోసమే చేసిన ముసుగు ఉండాలి. దగ్గర నిలిచి చూసే పిల్లలకూ ఇదే ప్రమాదం. బాధ మొదలైతే కన్ను నలపకుండా, చనుబాలు, ఆముదం వంటివి వేయకుండా, కంటి వైద్యునికి చూపించాలి. నొప్పి తెలియకుండా చేసే చుక్కలను సొంతంగా కొని వాడితే గాయం మానడం ఆలస్యమవుతుంది.